టైఫాయిడ్ అని చెప్పాను

మా ఊళ్లో కరోనాతో ఒక్కరూ చనిపోలేదు. నమ్మకం లేకపోతే వచ్చి ఎవరినైనా అడగండి. రెండోసారి వచ్చిన ఆ ఎండాకాలంలో మా ఊరి వల్లకాట్లో పొగ ఆరింది లేదు, అయినా పోయిన ప్రతి మనిషికీ ఒక మర్యాదైన కారణం దొరికింది. ఒకాయనకు గుండె ఆగింది. ఒకామెకు షుగర్ ఎక్కువైంది. మిగతా అందరికీ టైఫాయిడ్. టైఫాయిడ్‌కు మా వాళ్లు అంత గౌరవం ఇవ్వడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. నన్ను కన్న బాపు కూడా టైఫాయిడ్‌తోనే పోయాడు. ఆ మాట అందరికీ చెప్పింది నేనే.

నేను సర్కారు బడి పంతుల్ని. మా ఊరు జనగామ జిల్లాలో ఉంది, రఘునాథపల్లి నుంచి లోపలికి పోవాలి. ఉద్యోగం మాత్రం మహబూబాబాద్ జిల్లాలో, గంగారం దాటాక అడవిని ఆనుకుని ఉన్న ఒక తండాలో. పిల్లలకు సైన్సు చెబుతాను. ఒకప్పుడు ఈ ముక్క ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మొదటి సంవత్సరం బస్సులన్నీ బంద్ అయినప్పుడు పట్నానికీ, పుణెకూ కూలికి పోయిన తండావాళ్లు లారీలెక్కి, నడిచి తిరిగి వచ్చారు. తండాలో ఉన్నవాళ్లు వాళ్లను లోపలికి రానివ్వలేదు. మక్కచేన్ల కావలి కోసం వేసుకున్న గుడిసెల్లోనే ఉండమన్నారు. ఇంటి ఆడవాళ్లు అన్నం గిన్నె గట్టు మీద పెట్టి, కేక వేసి, వెనక్కి వచ్చేసేవారు. నాకు ముచ్చటేసింది. ఇంత తెలివి మీకు ఎవరు చెప్పారని తండా పెద్దమనిషిని అడిగాను.

“అమ్మవారు కోపంగున్నది సారూ,” అన్నాడాయన. “బయటికెల్లి వచ్చినోని ఎంట వస్తది. పద్నాలుగు దినాలు పొలిమేర దాటనియ్యకుంటే అలిగి మర్లిపోతది.”

నేను నవ్వాను. ఊరికే నవ్వి ఊరుకోలేదు, పెద్ద పోటుగాడిలా బడి గోడ మీద సుద్దతో ముళ్ల బంతి బొమ్మ గీసి, తుమ్మూ తుంపరలూ అంటూ గంటసేపు పాఠం చెప్పాను. వాళ్లు దూరదూరంగా కూర్చుని ఓపిగ్గా విన్నారు. మధ్యలో వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. చివర్లో పెద్దమనిషి లేచి, “గంతేనా సారూ? మేం జేసేది గదే గద,” అన్నాడు. పాఠం అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

ఈ కథను నేను మా బావకు జోకులా చెప్పాను. బావ అంటే మా అక్క భర్త. భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని. భూమి లోపల దిగి పనిచేసే మనిషి గనక గాలి సంగతి మాకంటే ఆయనకు బాగా తెలుసు. అప్పటికే దుమ్ము పట్టిన ఛాతీ, చలికాలం వస్తే దగ్గు. అందుకని మొదటి రోజు నుంచీ జాగ్రత్తగా ఉన్నాడు. మాస్కులు ఉతికి దండెం మీద వరసగా ఆరేసేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే గుమ్మం బయటే కుర్చీ వేసేవాడు. మా చుట్టాలంతా ఆయనకు పిరికి అల్లుడని పేరు పెట్టారు. ఆ నవ్వుల్లో నేనూ కలిశాను.

నా జోకుకు బావ నవ్వలేదు. “వాళ్లు ఏం నమ్ముకుంటేంది పంతులూ? దూరం ఉంటున్నరు గద, గది సాలదా?” అన్నాడు.

మా బాపుకు జ్వరం తగిలింది ఆ తర్వాతి సంవత్సరం, యాసంగి కోతలు అయిపోయాక. సర్కారు వడ్లు కొనే కాంటా దగ్గర మా కుప్పకు కావలిగా మూడు రోజులు పడిగాపులు పడి వచ్చాడు. అక్కడ పది ఊళ్ల రైతులు ఒకే కుండలో నీళ్లు తాగుతూ, ఒకే బీడీకట్ట పంచుకుంటూ ఉన్నారు. ఇంటికి వచ్చిన రెండో రోజు ఒళ్లు కాలింది. ఊరి ఆర్‌ఎంపీ వచ్చి నాలుక చూసి, పొట్ట నొక్కి, టైఫాయిడ్ అన్నాడు. బట్టలారేసే దండేనికి సెలైన్ సీసా కట్టి, సూది గుచ్చి, సాయంత్రం మళ్లీ వస్తానని పోయాడు. ఆ వారం మా వాడలో ఏ దండెం చూసినా బట్టలకంటే సీసాలే ఎక్కువ కనిపించేవి.

నాకు అనుమానం లేదని అబద్ధం చెప్పను. అనుమానం కాదు, తెలుసు. బాపుకు అన్నం వాసన తెలియడం లేదు. పది అడుగులు నడిస్తే ఆయాసం. టెస్టు చేయిద్దాం రమ్మంటే ఒప్పుకోలేదు.

“ఎండల పనిజేసే ఒంటికి గది రాదురా,” అన్నాడు. “గది ఏసీలల్ల కూసునేటోళ్ల రోగం.”

ఈ నమ్మకం వెనుక ఇంకో భయం ఉంది. ఆయన ఫోన్‌లోకి ఎవరో రోజూ ఒకే రకం వీడియోలు పంపేవారు. తెల్లటి సంచిలో కట్టిన శవాన్ని జేసీబీతో గుంతలోకి జారవిడిచేవి. అవి ఎక్కడివో, ఎప్పటివో, నిజమో కాదో తెలియదు. బాపు వాటిని ఒకటికి పదిసార్లు చూసేవాడు. చావంటే ఆయనకు భయం లేదు. సంచి అంటే భయం. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, “నన్ను దవాఖానల ఎయ్యకు కొడుకా. సంచిల కట్టిస్తరు. నలుగురు మోసుకపోకుంటే గదేం సావురా. నాకు మాటియ్యి,” అన్నాడు. ఇచ్చాను. ఒక రోగిని బతికించే అవకాశాన్ని నేను అలా మాట ఇచ్చి వదులుకున్నాను. అప్పుడు మాత్రం మంచి కొడుకుననే అనుకున్నాను.

మనసు ఊరుకోక, షుగర్ చూపిద్దామని అబద్ధం చెప్పి జనగామ తీసుకుపోయాను. ముక్కులో పుల్ల పెట్టేసరికి ఆయనకు విషయం అర్థమైంది. ఫలితం రెండు రోజుల్లో ఫోన్‌కు వస్తుందన్నారు. ఆ రెండు రోజులూ కూడా ఆయన్ని ఆక్సిజన్ ఉన్న చోటికి తీసుకుపోవచ్చు. మాట ఇచ్చానన్న సాకు ఒకటి చేతిలో ఉంది కదా, తీసుకుపోలేదు. మూడో రోజు పొద్దున అమ్మ జావ తాగిస్తుంటే మా బాపు కళ్లు తేలేశాడు.

బాపును వాకిట్లో పడుకోబెట్టి, డప్పులకు కబురు పంపి, చుట్టాలకు ఫోన్లు చేస్తున్నప్పుడు మెసేజ్ వచ్చింది. పాజిటివ్. నేను గోడ పక్కకు పోయి రెండుసార్లు చదివి, మా చిన్నబాపుకు చూపించాను. బాపు తమ్ముడు. ఒకసారి సర్పంచ్‌గా చేసినవాడు, ఊళ్లో ఆయన మాట చెల్లుతుంది. చదివి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు గిది బయటపెడితే పాడె గట్టనీకె ఒక్కడు రాడు,” అన్నాడు. “అన్నను మున్సిపాల్టోళ్లు ఈడ్సుకపోతుంటే సూస్తవా? ఫోన్ జేబుల పెట్టు.”

జేబులో పెట్టాను. అప్పుడే లోపలికి వచ్చిన ఎవరో, “ఏమైందిరా బాపుకు?” అని అడిగారు. టైఫాయిడ్ ముదిరిందని చెప్పాను. మొదటిసారి చెప్పడమే కష్టం. ఆ సాయంత్రానికి నా నోటికి ఆ మాట బాగా అలవాటైంది.

బాపు కోరుకున్నట్టే నలుగురూ మోశారు. నలుగురు కాదు, నలభై మంది భుజాలు మార్చుకున్నారు. ఆడవాళ్లు మీద పడి ఏడ్చారు. నేను మాత్రం రెండు మాస్కులు, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాను. కొడుకు దుఃఖం దాచుకుంటున్నాడని అనుకున్నారు. పాడె మోసినవాళ్లలో ఇద్దరికి వారంలోనే జ్వరం పట్టుకుంది. బతికారు. వాళ్లకూ టైఫాయిడే వచ్చిందని ఆర్‌ఎంపీ తేల్చాడు.

చావుకు అక్కా బావా వచ్చారు. అక్క బాపు కాళ్ల మీద పడింది. బావ మాస్కు తీయకుండా టెంటు అంచున నిలబడి దండం పెట్టి, సాయంత్రానికల్లా అక్కను తీసుకుని భూపాలపల్లి వెళ్లిపోయాడు. పిల్లనిచ్చిన మామ పోతే దూరం నిలబడి పోయాడని మా వాళ్లు పదకొండు రోజులూ ఆయన్ని ఆడిపోసుకున్నారు. నా జేబులో ఉన్న సంగతి తెలిసి కూడా నేను నోరు మెదపలేదు.

మా వైపు నిద్ర అనే పద్ధతి ఒకటుంది. మనిషి పోయిన ఇంటివాళ్లు, దినాలు అయిపోయాక, దగ్గరి చుట్టాల ఇంట్లో ఒక రాత్రి పడుకుని రావాలి. అంతదాకా వాళ్లు ఎవరి గడపా తొక్కరు. పిలిచినవాళ్లు నీసు వండిపెడతారు, కల్లు తెప్పిస్తారు. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్లను బలవంతం చేసి నాలుగు ముద్దలు తినిపిస్తారు. ఆ రాత్రి మంచాలు ఉండవు. వచ్చినవాళ్లూ, ఇంటివాళ్లూ అందరూ ఒకే కప్పు కింద నేల మీద పడుకుంటారు. మంచి పద్ధతే. దుఃఖంలో ఉన్న మనిషిని మళ్లీ లోకంలోకి తెచ్చుకోవడానికి మా పెద్దవాళ్లు ఆలోచించి పెట్టుకున్నది. రోగం కూడా ఆ చాపల మీదే పడుకుంటుందని వాళ్లు అనుకుని ఉండరు.

బాపు అస్థికలు కాళేశ్వరంలో గోదావరిలో కలపాలని ముందే అనుకున్నాం. తిరుగు దారిలో భూపాలపల్లి తగులుతుంది కాబట్టి నిద్ర అక్క ఇంట్లోనే అని చిన్నబాపు తేల్చాడు. అక్క ఫోన్లో ఏడుస్తూ, “మంగళవారం ఆయనకు సెలవుంటది, మంగళవారమే రాండ్రి తమ్మీ,” అంది. అమ్మకు అప్పటికి నాలుగు రోజులుగా దగ్గు. ఏడ్చి గొంతు పోయిందని అందరం అనేశాం. ఆ అనేసినవాళ్లలో గోడ మీద ముళ్ల బంతి గీసిన సైన్సు పంతులు కూడా ఉన్నాడు.

నేను ఆ నిద్రను ఆపాలని చూడలేదని కాదు. అవ్వా, కొన్నాళ్లు ఆగుదామా అని అమ్మతో అన్నాను. ఆమె బాపు పోయిన అర్రలో దీపం పక్కన కూర్చుని అప్పటికి పన్నెండు రోజులు. పగలూ రాత్రీ అక్కడే. “నా బిడ్డ గడప తొక్కందే గీ మైల పోదు కొడుకా. గిట్లనే సావాల్నా నేను?” అంది. సరే అవ్వా, మంగళవారమే పోదాం అన్నాను. నిజం చెప్పాల్సిన చోట ప్రేమ ఒకటి అడ్డం వచ్చింది. అలాంటి ప్రేమలు ఆ సంవత్సరం చాలా ఇళ్లలో చాలా పని చేశాయి.

మేం ఏడుగురం జీపులో కాళేశ్వరం పోయి, మధ్యాహ్నానికి పని ముగించుకుని, పొద్దు వాలేసరికి భూపాలపల్లి చేరాం. అక్క గుమ్మంలో నీళ్లు పెట్టింది. అమ్మ కాళ్లు కడుక్కుని గడప దాటగానే ఇద్దరూ మెడలు పట్టుకుని ఏడ్చారు. వేటమాంసం వండింది, కల్లు తెప్పించింది. అమ్మ పన్నెండు రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. ఆ క్షణం నాకు నిజంగా సంతోషం వేసింది.

భోజనాలయ్యాక బావ ఒక చాప, రెండు బొంతలు చంకన పెట్టుకుని డాబా మెట్లెక్కబోయాడు. పిల్లలిద్దర్నీ పైకి రమ్మన్నాడు. ఉక్కగా ఉంది, పైన గాలి వస్తుందని అన్నాడు కానీ, అసలు సంగతి అందరికీ తెలుసు. చిన్నబాపుకు కోపం వచ్చింది.

“నిద్రకు పిలిసినోడు మీద పండుకుంటడా? గిదేం మర్యాద అల్లుడా? మేమేమన్న అంటుముట్టు గలోళ్లమా?”

అక్క తల దించుకుంది. బావ మెట్ల మీద ఆగిపోయాడు. నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

“పంతులూ, నువ్వు సదువుకున్నోనివి. జనగామల మామకు టెస్టు జేపిచ్చినవని మీ అక్క చెప్పింది. ఏమొచ్చిందో జర నిజం చెప్పు. ఎవలకూ అనను. పిల్లలున్నరు, నా ఛాతీ సంగతి నీకెర్కే. నువ్వు పండుకోమంటే కిందనే పండుకుంట.”

ఇంతకంటే సూటిగా ఎవరూ ఏ మనిషినీ అడగరు. ఒక్క మాట చాలు. ఆయన పిల్లలను తీసుకుని పైకి పోయేవాడు, చిన్నబాపు నాలుగు తిట్లు తిట్టేవాడు, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ గదిలో అమ్మ ఉంది. పన్నెండు రోజులుగా నేను చెప్పిన అబద్ధం విన్న ఐదుగురు చుట్టాలు ఉన్నారు. పాడె మోసినవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. నా పరువు పోతుందని భయం వేసింది. ఇది పచ్చి నిజం, దీనికి పూత పూయను.

“నెగెటివ్ వచ్చింది బావా,” అన్నాను. “ఉత్త టైఫాయిడే. గీ టెస్టులన్ని ఉత్తయే, నువ్వు ఊకె పరేషాన్ కాకు. కింద పండుకో.”

బావ చాప తెచ్చి అమ్మకు పక్కగా పరిచాడు. మాస్కు తీసి మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు. అందరం అలసిపోయి ఉన్నాం, వెంటనే నిద్ర పట్టింది. నాకు కూడా పట్టింది.

నిద్ర అయిన ఐదో రోజు బావకు జ్వరం. అక్క ఫోన్ చేసి చెప్పింది. టెస్టు చేయించమన్నాను. ఫోన్ బావ తీసుకున్నాడు. “ఎందుకు పంతులూ? మామకు టైఫాయిడే అన్నవు గద, నాకు గదే తగులుకున్నట్టుంది. ఈడ డాక్టరు గూడ గదే అన్నడు. సూదులేస్తున్నడు,” అన్నాడు. అప్పుడైనా చెప్పవచ్చు. చెబితే ఆ రోజే బాయివాళ్ల దవాఖానకు పోయేవాడు. ఎందుకైనా మంచిది చేయించుకో బావా అని మళ్లీ ఒకసారి అన్నాను, అంతే. టైఫాయిడ్‌కు వేసే సూదులు ఆయనకు ఆరు రోజులు వేశారు. ఆ ఆరు రోజులూ నేను రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి ఎట్ల ఉందని అడిగాను. ఎంత ప్రేమో మా బామ్మర్దికి అని ఆయన అక్కతో అన్నాడట.

జ్వరం వచ్చిన ఏడో రోజు ఊపిరి అందలేదు. వరంగల్ తీసుకుపోయారు. అక్కడ తేలింది. ఆలస్యమైందని అన్నారు. ముందే వచ్చి ఉంటే బతికేవాడా అని నేను ఒక డాక్టర్ను అడిగాను. ఏమో, చెప్పలేం, కానీ ముందే తీసుకురావాల్సింది అన్నాడు. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు మా బావ. తర్వాత లేడు.

ఆయన్ని సంచిలో కట్టారు. మా బాపు ఏ సంచికి భయపడ్డాడో ఆ సంచిలోనే. అక్కను దగ్గరికి రానివ్వలేదు. గేటు అవతల నిలబడి, అంబులెన్సులోకి ఎక్కించేది చూసింది. ముఖం చూపించండని ఏడిస్తే, జిప్పు కొంచెం తెరిచి మూసేశారు. భుజం పట్టినవాడు లేడు, డప్పు లేదు. నాలాంటి బామ్మర్ది ఒకడు మాత్రం రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

బాపు చావుకు వచ్చిన రోజే అక్కకు అంటుకుని, ఆమె నుంచి బావకు వచ్చిందేమోనని నేను చాలాసార్లు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎన్ని రకాలుగా చూసినా కుదరలేదు. అమ్మకు దగ్గు తగ్గిపోయింది. నాకు కూడా రెండు రోజులు వాసన పోయి మళ్లీ వచ్చింది. మాకు ఇచ్చినంత సులువుగా ఆ రోగం బావకు దారి ఇవ్వలేదు.

నన్ను ఎవరూ అనుమానించలేదు. మా చుట్టాలు వాళ్లకు తెలిసిన కారణం వాళ్లు కనిపెట్టుకున్నారు. మంగళవారం నిద్ర పెట్టుకోవచ్చునా అని ఒక మేనత్త అంది. అంతే, ఆ మాట గడ్డివాముకు నిప్పంటుకున్నట్టు చుట్టాలందరికీ పాకింది. మంగళవారం నాడు చావు ఇంటివాళ్లను పిలిచి, చేజేతులా మొగుణ్ని పోగొట్టుకుందని మా అక్కను అన్నారు. మొహం మీదే అన్నారు. ఆ రోజు ఆమె కోరి పెట్టుకున్నది కాదు, బావ సెలవు కోసం పెట్టుకున్నది. అయినా అక్క నమ్మింది. నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. అట్లాంటిదేం లేదని మెల్లగా గొణిగాను. ఒక మూఢనమ్మకం నన్ను కాపాడుతుంటే గట్టిగా ఎందుకు కాదంటాను?

అప్పటి నుంచి అక్క మంగళవారాలు ఉపవాసం పట్టింది. మొదట ఒక పూట, తర్వాత రెండు పూటలు, ఆ తర్వాత మంచినీళ్లు కూడా ముట్టదు. తన ఇంట్లో రాత్రి ఎవరినీ పడుకోనివ్వదు. కన్నతల్లిని కూడా. చీకటి పడేలోపు బస్సెక్కించి పంపిస్తుంది. బావ స్థానంలో ఆమెకు బొగ్గుబాయి ఆఫీసులో చిన్న ఉద్యోగం ఇచ్చారు. టీకా వేయించుకోమంటే, చేసిన పాపానికి సూది పనిచేస్తదా అంది. ఆఫీసువాళ్లు పట్టుబడితే వేయించుకుంది.

మొన్నటి ఎండాకాలం ఒక మంగళవారం ఆఫీసులోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెకు షుగర్ ఉంది. దవాఖానకు తీసుకుపోతే, ఇట్లా ఉపవాసాలు చేస్తే ఇంకోసారి లేవదని డాక్టర్ నాతో చెప్పాడు. మానిపించండి, మీరు చెబితే వింటుందట కదా అన్నాడు. అవును, మా ఇంట్లో అందరూ నా మాట వింటారు.

తర్వాతి మంగళవారం సెలవు పెట్టి పొద్దున్నే గంగారం నుంచి బయలుదేరాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. పిల్లలు కాలేజీకి పోయారు. అక్క పొయ్యి దగ్గర ఉంది. నేను వస్తున్నానని నా కోసం వంట చేస్తోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కూర్చోబెట్టి అంతా చెప్పాను. జనగామ టెస్టు, వచ్చిన మెసేజ్, చిన్నబాపు మాట, అవ్వ దగ్గు, మెట్ల దగ్గర బావ అడిగింది, నేను చెప్పింది. ఏడుస్తూ చెప్పాను. “మంగళవారం తప్పు కాదక్కా. నీ తప్పు కాదు. నేనే. నేను అబద్ధం చెప్పిన,” అన్నాను. ఆ పాత ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అక్క నా దగ్గరికి జరిగింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టాలని కూడా కోరుకున్నాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచింది.

“ఊకో తమ్మీ. నాతోని తినిపియ్యనీకె గింత తప్పు మీదేసుకుంటవా? డాక్టరు గిట్ల జెప్పమన్నడా?”

“లేదక్కా, నిజం. ఒట్టు.”

“ఆయన నీ చెయ్యి పట్టుకోని అడిగిండు. పిల్లల మాట తీసిండు. గట్ల అడిగితే నా తమ్ముడు అబద్ధమాడ్తడా? ఆడడు. నాకెర్క లేదా నువ్వేందో,” అంది. “లే, అన్నం తిందువు. పొద్దటి సంది ఏం తిన్నవో ఏమో.”

లేచి కంచం కడిగి అన్నం పెట్టింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది. ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరింది. తను మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాలి. చిన్నబాపును తీసుకువచ్చి చెప్పించాలి. జనగామలో కాగితం దొరుకుతుందేమో అడగాలి. అవన్నీ అప్పుడే నా తలలోకి వచ్చాయి. ఆ వచ్చిన వాటన్నిటికంటే ముందు, ఆమె నమ్మలేదు, బతికిపోయాననే నిమ్మళం ఒకటి నా కడుపులోకి దిగింది. నేను అన్నం కలుపుకుని తిన్నాను. మారు కూడా అడిగాను.